ఆస్ట్రేలియా ఈడువాడు

ఆస్ట్రేలియా చరిత్ర రాయమని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన నావికుడు క్లాడ్ చూల్స్ తాతగారే గుర్తొస్తారు. ఆరు బ్రిటిష్ వలసలు కలిసి ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది 1901 జనవరి 1న. ఆయన ఇంగ్లండులోని పెర్షోర్‌లో పుట్టింది అదే ఏడు మార్చి 3న. ఈ నేల మీది ఆదివాసుల లెక్క వేరు, అది వేల ఏళ్లది. ఈ ప్రభుత్వానికి మాత్రం ఆయన ఈడువాడే.

కొత్త పార్లమెంటు ఆ ఏడాదే వలస వచ్చేవారి మీద ఒక చట్టం చేసింది. రేవులో దిగినవాడికి అధికారి ఏదో ఒక ఐరోపా భాషలో యాభై మాటలు చదువుతాడు, విని తప్పు లేకుండా రాయాలి. ఏ భాషన్నది అధికారి ఇష్టం. ఇంగ్లిషు బాగా వచ్చినవాణ్ణి ఇంకో భాషలో పరీక్షించి వెనక్కి పంపొచ్చు. తెల్లవాళ్లు కానివాళ్లను గడప తొక్కనివ్వకుండా చేసిన ఏర్పాటిది. చట్టంలో రంగు ఊసే లేదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

చూల్స్ 1926లో వచ్చారు. పదిహేనో ఏటే బ్రిటిష్ నౌకాదళంలో చేరి, 1918లో జర్మన్ యుద్ధనౌకలు లొంగిపోవడం కళ్లారా చూసిన మనిషి. ఓడలో పరిచయమైన ఎథెల్‌ను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయారు. అదే ఏడు మన గోదావరి కుర్రాడొకడు వచ్చి ఉంటే రానిచ్చేవారా? రానివ్వకపోవడం ఆయన తప్పు కాదు, నిజమే. కానీ ఆ ప్రశ్న నన్ను వదలదు.

1942లో సరిగ్గా ఆయన పుట్టినరోజునే మా పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని బ్రూమ్ మీద జపాను విమానాలు దాడి చేశాయి. నెల దాటగానే, ఏప్రిల్ 6న, విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. రెండు తీరాలకూ ఒకటే భయం. శత్రువు దిగితే ఫ్రీమాంటిల్ రేవునూ, చమురు ట్యాంకులనూ వాళ్లకు దక్కకుండా పేల్చేయడం అప్పట్లో చూల్స్ బాధ్యత.

ఆ రాత పరీక్షను 1958లో తీసేశారు. రంగు చూసి రానిచ్చే విధానం పూర్తిగా పోయింది 1973లో. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఆ తలుపు తెరుచుకున్నాకే మా బోటివాళ్లం వచ్చాం. నేను పెర్త్ చేరిన మూడేళ్లకు, 2011 మే 5న, నూటపదేళ్లు నిండిన ఆయన ఇదే ఊళ్లో కన్నుమూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్లలో చివరివాడు ఆయనే. ఒక్కసారైనా వెళ్లి చూడలేకపోయాను.

రెండు యుద్ధాలు చూసిన ఆయన యుద్ధాన్ని అసహ్యించుకున్నారు. యుద్ధాల్లో పోయిన సైనికులను స్మరిస్తూ ఏటా ఏప్రిల్ 25న దేశమంతా జరుపుకునే ఆన్‌జాక్ దినపు కవాతుకు వెళ్లనన్నారు. ఎనభయ్యో పడిలో రచన నేర్చుకుని, రాసుకున్న జీవితకథను నూట ఎనిమిదో ఏట అచ్చులో చూసుకున్నారు.

ఆయన పోయిన ఏడాదే బ్రిటన్ నుంచి కొన్న ఒక ఓడకు ఆస్ట్రేలియా నౌకాదళం ఆయన పేరు పెట్టింది. కార్చిచ్చు చుట్టుముట్టి మల్లకూటా ఊళ్లో జనం సముద్రపు ఒడ్డున చిక్కుకుపోతే, 2020 జనవరిలో సుమారు వెయ్యిమందిని ఎక్కించుకుని ఒడ్డు చేర్చింది ఆ చూల్స్ ఓడే.