రైలొచ్చింది, ఊరు పోయింది

నీళ్ళు, కరెంటు, బస్సు, చెత్తబండి... వీటిలో రాజకీయమేముందని అడిగేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. బుల్‌డోజర్ వచ్చి ఇల్లు కూలిస్తే దురాక్రమణ అంటాం. రైలొచ్చి గుమ్మం ముందు ఆగితే అభివృద్ధి అంటాం. జెరూసలేం చరిత్ర తిరగేస్తే ఈ రెండూ అంత విడివిడిగా లేవని మాకనిపిస్తోంది.

ఆ ఊరికి ట్రాము తెస్తామన్న మాట వందేళ్ళ నాటిది. 1914 జనవరిలో, ఇంకా తుర్కీ సుల్తాన్ ఏలుబడిలో ఉండగానే, మావ్రోమాటిస్ అనే గ్రీకు వ్యాపారికి జెరూసలేంలో ట్రాములు, కరెంటు, మంచినీళ్ళ హక్కులు దక్కాయి. ఇంతలో యుద్ధం. 1917 డిసెంబర్‌లో బ్రిటిష్ సైన్యం ఊరిని పట్టుకుంది. 1921లో బ్రిటన్ పాలస్తీనా కరెంటు హక్కుల్ని రూటెన్‌బర్గ్ అనే జియోనిస్టు ఇంజనీరుకు కట్టబెట్టింది. గ్రీసు తన పౌరుడి తరఫున హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. మావ్రోమాటిస్ జెరూసలేం ఒప్పందాలు చెల్లుతాయని 1925లో తీర్పొచ్చింది. లా చదివే పిల్లలు ఇప్పటికీ ఈ కేసు చదువుతారు. అందులో రెండు రాజ్యాలున్నాయి, ఒక వ్యాపారి ఉన్నాడు. ఆ నీళ్ళు తాగాల్సిన మనుషులు మాత్రం కక్షిదారులు కారు. 1923లో జాఫా అరబ్బులు రూటెన్‌బర్గ్ కరెంటు మాకొద్దని నిరసనకు దిగారు. దీపం వద్దన్నవాడికి వెనకబడినవాడని పేరు పెట్టడం తేలిక. ఆ పేరు మాకూ కొత్తది కాదు.

ట్రాము చివరికి 2011 ఆగస్టులో నడిచింది. ఈలోగా 1948 అయింది, 1967 అయింది. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ తూర్పు జెరూసలేంను ఆక్రమించి తన చట్టాన్ని అక్కడా పరిచింది. 1980లో ఊరంతా తన రాజధానేనని చట్టం చేసుకుంటే, అది చెల్లదని భద్రతామండలి 478వ తీర్మానంలో చెప్పింది. చెల్లదన్న ఆ నేల మీదే పట్టాలు వేశారు. పిస్గత్ జెయెవ్ అనే యూదు సెటిల్‌మెంటులో బయలుదేరిన రైలు, పాలస్తీనీయుల పేటలైన బీత్ హనీనా, షూఫాత్‌ల మీదుగా పడమటి జెరూసలేంలోని హెర్జల్ కొండ చేరేది. బోగీలు ఫ్రెంచి కంపెనీ అల్‌స్తోమ్‌వి. నడిపింది మరో ఫ్రెంచి కంపెనీ వియోలియా.

వియోలియా అక్కడ రైలుతో ఆగలేదు. జోర్డాన్ లోయలో తోవ్లాన్ అనే చెత్త డంపు నడిపింది. 443 నంబరు రోడ్డు మీద బస్సులు తిప్పింది. ఈ రోడ్డు కథ తెలుసుకోవాలి. 1980ల్లో దీనికోసం పాలస్తీనీయుల భూములు తీసుకున్నప్పుడు, ఇది స్థానికుల మేలుకేనని ఇజ్రాయెల్ ప్రభుత్వం కోర్టుకు చెప్పింది, కోర్టు ఒప్పుకుంది. 2000 తర్వాత ఆ స్థానికులనే రోడ్డెక్కనివ్వలేదు. ఆ నిషేధం తప్పని సుప్రీంకోర్టు 2009 డిసెంబర్‌లో అన్నా, వాళ్ళకి దారి తెరుచుకున్నది నామమాత్రంగానే.

చట్టం లేక కాదు. ఆక్రమించినవాడు తన జనాన్ని ఆక్రమిత నేలకు తరలించకూడదని 1949 జెనీవా ఒప్పందం 49వ అధికరణం అంటుంది. కానీ ఆక్రమించినవాడే అక్కడి పౌరజీవనాన్ని సజావుగా నడపాలని 1907 హేగ్ నియమాల 43వ అధికరణం కూడా ఉంది. ఆక్రమణ కింద ఉన్నవాళ్ళకు రక్షణగా రాసిన మాట అది. దాన్నే అడ్డం తిప్పితే రైలు కూడా ధర్మకార్యమే అవుతుంది. 2007లో పాలస్తీనా విమోచన సంస్థ, ఒక ఫ్రెంచి సంఘీభావ సంఘం కలిసి ఈ కంపెనీల మీద ఫ్రాన్సులో దావా వేశాయి. 2013 మార్చిలో వెర్సాయ్ అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆ ఒప్పందాలు రాజ్యాల మధ్యవి, కంపెనీలకు వర్తించవంది. రాజ్యం కంపెనీకి పని అప్పజెప్పుతుంది, నేరం ఆ ఇద్దరి మధ్యా ఎక్కడో జారిపోతుంది!

కోర్టు చెయ్యనిది జనం కొంత చేశారు. డచ్ బ్యాంకు ఎ.ఎస్.ఎన్. 2006లోనే వియోలియా నుంచి పెట్టుబడి తీసేసింది. ఏళ్ళ తరబడి బహిష్కరణ ఉద్యమం తర్వాత 2015లో వియోలియా అక్కడి వాటాలు అమ్ముకుని వెళ్ళిపోయింది. రైలు మాత్రం ఆగలేదు. 2021 నుంచి స్పెయిన్ కంపెనీ కాఫ్, ఇజ్రాయెల్ కంపెనీ షపీర్ కలిసి నడుపుతున్నాయి. టెండరు వెయ్యొద్దని కాఫ్ కార్మికులే అన్నారు, యాజమాన్యం వినలేదు.

షూఫాత్ వాళ్ళూ ఆ రైలెక్కుతారు. ఎక్కక ఏం చేస్తారు? ఆస్పత్రికి పోవాలి, పనికి పోవాలి. టికెట్టు కొన్నారు కాబట్టి ఆక్రమణకు ఒప్పుకున్నట్టేననేవాళ్ళకి 2014 జూలై గుర్తుచేయాలి. తమ పేట కుర్రాడిని ఎత్తుకుపోయి సజీవంగా తగలబెట్టినప్పుడు, షూఫాత్ యువకులు ముందుగా విరగ్గొట్టింది ఆ స్టేషన్లనే.

వాళ్ళలో చాలామంది పౌరులు కారు, ‘శాశ్వత నివాసులు’ మాత్రమే. పుట్టిన ఊళ్ళో ఉండే హక్కు కూడా షరతుల మీదే. 1967 నుంచి 14 వేల మందికి పైగా దాన్ని పోగొట్టుకున్నారు. కాగితాలు చూపించమనే మాట ఈ దేశంలో మేమూ వింటున్నదే కాబట్టి వాళ్ళ కాగితాలేమిటో వెతికి చూశాం. 1990ల నడుమ నుంచి, తమ ‘జీవన కేంద్రం’ జెరూసలేమేనని వాళ్ళు రుజువు చేసుకోవాలి. అందుకు అధికారుల ముందు పెట్టాల్సిన వాటిలో ఉన్నవి: కరెంటు బిల్లులు, నీళ్ళ బిల్లులు, మునిసిపల్ పన్ను రశీదులు.