అశ్వహృదయం తెలిసినవాడు

1973 జూన్ 9న న్యూయార్క్ బెల్మాంట్ పార్కులో గెలిచిన గుర్రం మీద కాసిన టికెట్లలో ఐదు వేలకు పైగా ఎవరూ డబ్బుగా మార్చుకోలేదు. రెండు డాలర్లు కాస్తే చేతికొచ్చేది రెండు డాలర్ల ఇరవై సెంట్లు. ఆ కాస్త లాభం కోసం వరసలో నిలబడేకంటే ఆ కాగితం ముక్కను దాచుకుని మనవలకు చూపించుకోవడమే మేలనుకున్నారు జనం. వాళ్ళు చూసిన పరుగు అలాంటిది. సెక్రటేరియట్ అనే మూడేళ్ళ ఎర్ర గుర్రం మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో ముగించింది. రెండో గుర్రం 31 గుర్రాల పొడవు వెనకబడిపోయింది. యాభై ఏళ్ళు దాటినా ఆ పందెంలో ఆ లెక్కను మరే గుర్రమూ చెరపలేకపోయింది.

ఆనాటి ఫోటో ఒకదాన్ని రేసుల లోకమంతా ఎరుగును. నీలం, తెలుపు గళ్ళ చొక్కా తొడుక్కున్న జాకీ తల ఎడమకు తిప్పి మైదానం మధ్యలో ఉన్న గడియారం బోర్డు వైపు చూస్తుంటాడు. వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు, వెనక ఎవరూ లేరు. ఇక మిగిలిన పోటీ కాలంతోనే. ఆ మనిషి పేరు రాన్ టర్కాట్. మూడు పెద్ద పందేలూ ఒకే ఏడాది గెలిస్తే వచ్చే, పాతికేళ్ళుగా ఎవరికీ దక్కని ట్రిపుల్ క్రౌన్ ఆ క్షణాన అతని చేతికి వచ్చింది. అప్పటికి అతనికి ముప్ఫై రెండేళ్ళు కూడా నిండలేదు. మరో ఐదేళ్ళకు అదే మైదానంలో నేల మీద పడి, కాళ్ళు ఎక్కడున్నాయో తెలియని స్థితిలో ఉన్నాడు.

మన భారతంలో అశ్వహృదయం తెలిసినవాడు నలుడు. గుర్రపు మనసు తెలిసిన ఆ విద్యే చివరికి అతణ్ణి కాపాడింది. ఋతుపర్ణుడికి అది నేర్పి, బదులుగా అక్షహృదయం నేర్చుకుని, పోయిన రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు. టర్కాట్ కథ దానికి తలకిందులుగా నడిచింది.

కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం, డ్రమండ్ అనే పల్లె. ఫ్రెంచి మాట్లాడే ఇల్లు, డజను మంది పిల్లలు. తండ్రి అడవిలో కలప కొట్టేవాడు. పదమూడో ఏట బడి మానేసిన రాన్, తండ్రి వెంట అడవికి వెళ్ళి దుంగలు లాగే గుర్రాలను తోలేవాడు. పందెపు గుర్రాలు కావవి, బరువు లాగే మొరటు జంతువులు. కానీ కళ్ళెం అతని చేతికి అలవాటైంది అక్కడే. తర్వాత పని కోసం టొరంటో చేరాడు. పని దొరకలేదు. చేపల గేలానికి ఎర కోసం రాత్రిళ్ళు వానపాములు ఏరి అమ్ముకుంటూ కడుపు నింపుకున్నాడు. 1960లో ఒకరోజు అద్దెగది ఇంటి యజమాని టీవీలో కెంటకీ డెర్బీ చూస్తూ, ఈ పొట్టి కుర్రవాణ్ణి ఎగాదిగా చూసి, జాకీ ఎందుకు కాకూడదన్నాడట. అప్పటికి జాకీ అంటే ఏమిటో అతనికి సరిగా తెలియదు. ఐదడుగుల ఒక అంగుళం మనిషి.

పరుగు తర్వాత చెమటలు కక్కే గుర్రాలను చల్లబడేదాకా నడిపించే పనితో మొదలుపెట్టి, మూడేళ్ళు తిరగకుండానే కెనడాలో అందరికంటే ఎక్కువ పందేలు గెలిచిన జాకీ అయ్యాడు. తర్వాత జగత్ప్రసిద్ధమైన నార్తర్న్ డాన్సర్‌కు మొట్టమొదటి గెలుపు ఇచ్చింది అతనే. 1972లో రివా రిడ్జ్ మీద డెర్బీ, బెల్మాంట్ గెలిచాడు. మరుసటి ఏడు సెక్రటేరియట్ మీద ట్రిపుల్ క్రౌన్ పందేలు మూడూ గెలిచాడు. 1974లో కెనడా ప్రభుత్వం 'ఆర్డర్ ఆఫ్ కెనడా' ఇచ్చి గౌరవించింది.

ఇక్కడొక చిన్న అపశ్రుతి. సెక్రటేరియట్ చివరి పందెం 1973 అక్టోబరులో టొరంటోలోనే జరిగింది. తను వానపాములు ఏరుకున్న ఊరు, పని నేర్చుకున్న మైదానం. కానీ అంతకు ముందు ఏదో పందెంలో తప్పుపట్టి అధికారులు సస్పెండు చేసినందువల్ల టర్కాట్ ఆ రోజు గుర్రం ఎక్కలేకపోయాడు. ఎడ్డీ మేపుల్ అనే మరో జాకీ ఎక్కి గెలిచాడు. పెద్ద దెబ్బకు ముందు విధి ఒక్కోసారి ఇలా చిన్న దెబ్బతో మొదలుపెడుతుంది కాబోలు.

1978 జూలై 13. బెల్మాంట్ పార్కు, ఆ రోజు ఎనిమిదో పందెం. 'ఫ్లాగ్ ఆఫ్ లేటే గల్ఫ్' అనే గుర్రం, అంత పేరున్నది కాదు. గేటు నుంచి దూకిన కాసేపటికే దాని కాళ్ళు ముందు వెళ్తున్న గుర్రం మడమలకు తగిలాయి. గుర్రం తూలిపడింది. మీద ఉన్న మనిషి ఎగిరి నేలను తాకాడు. వెన్నెముక విరిగింది. ముప్ఫై ఏడో పుట్టినరోజు మరో తొమ్మిది రోజుల్లో ఉంది. నడుము కింద భాగానికి మళ్ళీ ప్రాణం రాలేదు. భార్య, నలుగురు ఆడపిల్లలు. మూడు వేలకు పైగా గెలుపులు ఆ క్షణంతో ఆగిపోయాయి.

గుర్రప్పందేలు చూసినవాళ్ళు గమనించే ఉంటారు, పందెం మొదలవగానే గుర్రాల వెనకే ఒక అంబులెన్సు కూడా కదులుతుంది. ఆడేవాళ్ళ వెనకే అంబులెన్సు పరుగెత్తే ఆట ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు. పడడం ఖాయమని నడిపేవాళ్ళకు తెలుసు, అందుకే బండి సిద్ధం. ఆ బండి ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత?

ఆ తర్వాతి సంగతికే టర్కాట్ కోర్టుకెక్కాడు. పక్క గుర్రాన్ని అడ్డంగా నడిపిన జాకీ మీద, దాని యజమాని మీద, మైదానం నడిపే న్యూయార్క్ రేసింగ్ అసోసియేషన్ మీద దావా వేశాడు. నేలను తడిపి, చదును చేసిన తీరు సరిగా లేక గుర్రాల కాళ్ళు పట్టు తప్పుతున్నాయన్నది అసోసియేషన్ మీద ఫిర్యాదు. కేసు ఏళ్ళ తరబడి నడిచి న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1986లో తీర్పు వచ్చింది. టర్కాట్ ఓడిపోయాడు.

తీర్పు సారం ఇది: గుర్రాలు ఒకదాన్నొకటి రాసుకోవడం, తోసుకోవడం ఈ ఆటలో మామూలే. నేల ఒక రోజు గట్టిగా, ఒక రోజు మెత్తగా ఉండటమూ మామూలే. ఇవన్నీ తెలిసే వృత్తి జాకీ జీను ఎక్కుతాడు, తెలిసి ఎక్కినవాడు ఆ ప్రమాదానికి ఒప్పుకున్నట్టే. ఆ ఒప్పుకోలు ఎంత గట్టిదో తూచడానికి న్యాయమూర్తులు తీసుకున్న కొలత అతని అనుభవమే. ఎన్ని వేల పందేలు చేశాడు, ఆ మైదానాన్నే ఎన్నేళ్ళుగా ఎరుగును అని లెక్కించారు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర జాకీ అయితే నాకు తెలియదని వాదించి ఉండేవాడేమో. అమెరికా లా కాలేజీల్లో ఈ తీర్పును ఇప్పటికీ పాఠంగా చెబుతారు. న్యాయశాస్త్రపరంగా దానిలో తప్పు పట్టడం కష్టమే. కానీ ఒక మనిషి నేర్చిన విద్యే అతని మీద సాక్ష్యంగా నిలబడ్డ సందర్భం చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. మిల్లులో చెయ్యి పోగొట్టుకున్న కూలీకి పరిహారం ఇచ్చే చట్టం అమెరికాలో ఎప్పటి నుంచో ఉంది. జాకీకి మాత్రం చాలా రాష్ట్రాల్లో అది వర్తించదు. అతను ఎవరి ఉద్యోగీ కాదు, ఏ పందేనికి ఆ పందెం ఒప్పుకునే స్వతంత్ర కాంట్రాక్టరు. గెలిస్తే యజమానికొచ్చిన బహుమతిలో పదో వంతు, అందులో నాలుగో వంతు ఏజెంటుకు. ఓడితే గుర్రం ఎక్కినందుకు ఇచ్చే చిన్న మొత్తం. ఒళ్ళు యాభై కిలోల చుట్టూ ఉంచుకోవడానికి కడుపు మాడ్చుకుని, ఆవిరి గదుల్లో చెమట కార్చి, చివరికి ఎముకల నొప్పులతో విరమించుకున్న నాడు చాలామంది చేతికి పింఛను ఉండదు. మరి గుర్రం? 1973 పందేలు మొదలుకాక ముందే సెక్రటేరియట్‌ను వాటాలు వేసి 60 లక్షల 80 వేల డాలర్లకు ఖరారు చేశారు. ఒక్కో వాటా లక్షా 90 వేల డాలర్లు, అలాంటివి 32. పరుగు మానేశాక దాని బతుకుకు ఏ లోటూ రాలేదు. 1989లో చనిపోతే కెంటకీలో సమాధి కట్టారు. గుర్రం మీద నాకు ఈర్ష్య లేదు, ఆ మాత్రం ముందుచూపు మనిషి మీద ఎందుకు చూపలేదన్నదే బాధ.

ఆ ముందుచూపు జాకీలే తమకు తాము చూపించుకోబోయారు. 1940లో ఎడ్డీ ఆర్కారో వంటి పేరున్న జాకీలు కలిసి 'జాకీస్ గిల్డ్' పెట్టుకున్నారు. పడ్డవాడికి ఆసరాగా ఉండటం దాని పుట్టుకలోని ఉద్దేశం. దశాబ్దాల పాటు అది నిలబడింది. తర్వాత పాడైంది. 2004 జూలైలో వెస్ట్ వర్జీనియాలో ఒక యువ జాకీ పడి నడుము కింద చచ్చుబడిపోయాడు. గిల్డు బీమా పది లక్షల డాలర్లుంటుందని ఆ కుటుంబం నమ్మకం. ఆసుపత్రి బిల్లులు వచ్చాక తెలిసింది, ఆ పాలసీని గిల్డు 2002లోనే వదిలేసిందని. మిగిలింది మైదానం తరఫు బీమా లక్ష డాలర్లు, వెన్నెముక విరిగినవాడికి అది వారాల్లో కరిగిపోతుంది. సంగతి అమెరికా కాంగ్రెసు విచారణ దాకా వెళ్ళింది. 2005 నవంబరులో గిల్డు అధ్యక్షుణ్ణి తొలగించారు. 2007లో గిల్డు దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్ళింది. తమ చందాలతో తామే కట్టుకున్న గూడు అలా కూలింది. తర్వాత అది మళ్ళీ లేచి నిలబడింది, అది వేరే కథ.

టర్కాట్ ఇదంతా సొంత ఊళ్ళో చక్రాల కుర్చీలో కూర్చుని చూశాడు. కోర్టులో ఓడినా గుర్రాలను ద్వేషించలేదు, రేసులను తిట్టుకుంటూ కూర్చోలేదు. 2006లో శాశ్వతంగా వికలాంగులైన జాకీల కోసం 'పర్మనెంట్లీ డిజేబుల్డ్ జాకీస్ ఫండ్' ఏర్పడితే దానికి చేయూతగా నిలిచాడు. బెల్మాంట్ పందెం రోజుల్లో ఒక బల్ల ముందు కూర్చుని అదే పాత ఫోటో మీద సంతకాలు చేసేవాడు, వచ్చిన డబ్బు ఆ నిధికి వెళ్ళేది. 2015లో మంచు రోడ్డు మీద వ్యాను తిరగబడి రెండు కాళ్ళూ విరిగాయి, అయినా కోలుకున్నాడు. అదే ఏడాది సొంత ఊరి పక్కన గ్రాండ్ ఫాల్స్‌లో సెక్రటేరియట్ మీద దూసుకెళ్తున్న అతని విగ్రహం పెట్టారు. 2025 ఆగస్టు 22న, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఇంట్లోనే కన్నుమూశాడు.

బ్రిటన్‌లోనూ దారి దానం మీదుగానే పడింది. 1963 డిసెంబరులో టిమ్ బ్రూక్‌షా, 1964 గ్రాండ్ నేషనల్ పందెంలో పాడీ ఫారెల్, ఇద్దరు జాకీలూ ఎయింట్రీ మైదానంలోనే వెన్ను విరగ్గొట్టుకుంటే జనం చందాలు వేసి ఒక నిధి పెట్టారు. అదే నేటి 'ఇంజర్డ్ జాకీస్ ఫండ్'. క్రిస్మస్ కార్డులు అమ్మి కూడా డబ్బు కూడబెడతారు. ఇవాళ వాళ్ళకు గాయపడ్డ జాకీల కోసం మూడు పునరావాస కేంద్రాలున్నాయి.

అమెరికా నిధి దాదాపు అరవై మందికి నెలకు వెయ్యి డాలర్ల చొప్పున పంపుతోంది. ఆ డబ్బు దాతల దయ మీద ఆధారపడింది. దాతలు వెనక్కి తగ్గిన నెల ఆ వెయ్యికి హామీ లేదు. న్యూయార్క్ రాష్ట్రం మాత్రం 1990లో వేరే పని చేసింది. గుర్రాల యజమానులూ శిక్షకులూ డబ్బు కట్టి తీరాల్సిన పరిహార నిధిని చట్టంలోనే రాసింది. టర్కాట్ పడి అప్పటికి పన్నెండేళ్ళు, కోర్టులో ఓడి నాలుగేళ్ళు. గుర్రాలు పరుగెత్తే ప్రతి రాష్ట్రమూ ఆ పని చేసి ఉంటే, ఎనభైకి దగ్గరపడ్డ ఒక చాంపియన్ చక్రాల కుర్చీలో కూర్చుని తోటివాళ్ళ కోసం సంతకాలు అమ్మే అవసరం వచ్చేది కాదు.