పెంపుడు కుందేళ్ళలో శ్వాసకోశ వ్యాధి

పెంపుడు కుందేళ్ళ ముక్కు, శ్వాసనాళం, ఊపిరితిత్తులకు సోకే వ్యాధులను కలిపి శ్వాసకోశ వ్యాధి అంటారు. వీటిలో ముఖ్యమైనది పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా వలన వచ్చేది. దీనిని ఆంగ్లంలో స్నఫుల్స్ అంటారు. చూడటానికి జలుబులా ఉన్నా, మనుషుల జలుబువలె నాలుగు రోజులలో దానంతట అదే తగ్గేది కాదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టలలో తిరిగే చెవులపిల్లి వేరొక జాతి. అది వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రీత్యా దానిని పట్టి పెంచరాదు. ఈ వ్యాసం ఇళ్ళలో పెంచుకునే ఐరోపా మూలపు కుందేలుకు సంబంధించినది.

కారణాలు

ఈ సూక్ష్మజీవి ఇక్కడి రైతులకు పరోక్షంగా పరిచయమైనదే. పశువులకు తొలకరి రోజులలో వచ్చే గొంతువాపు (గురక వ్యాధి) ఇదే సూక్ష్మజీవిలోని మరొక రకం వలన వస్తుంది. ఆ వ్యాధికి వేసే టీకా పశువుల కొరకు తయారైనది, కుందేలుకు దానిని నమ్ముకోరాదు. లూయీ పాశ్చర్ 1880 ప్రాంతంలో కోళ్ళ కలరాపై చేసిన పరిశోధనలు ఈ సూక్ష్మజీవితోనే జరిగాయి, పాశ్చురెల్లా అనే పేరు కూడా ఆయన గౌరవార్థం వచ్చినదే. ఆస్ట్రేలియాలో విపరీతంగా పెరిగిన కుందేళ్ళను దీనితో చంపవచ్చునని ఆయన సూచించగా, 1888లో అక్కడ ప్రయోగాలు జరిగాయి. పక్షులకు ప్రమాదమని ప్రభుత్వం దాని వాడకానికి అనుమతించలేదు.

ఆరోగ్యంగా కనిపించే అనేక కుందేళ్ళ ముక్కులో ఈ బాక్టీరియా ఉంటుంది. ఇరుకు బోను, ప్రయాణం, ఎండ, దుమ్ము పట్టిన మేత వంటివి వాటి శక్తిని తగ్గించినపుడు వ్యాధి బయటపడుతుంది. శుభ్రం చేయని బోనులో మూత్రం నుండి వెలువడే అమ్మోనియా ముక్కు పొరలను దెబ్బతీస్తుంది. బోర్డెటెల్లా అనే మరొక బాక్టీరియా కుక్కల నుండి కూడా సోకవచ్చు. పై దంతాల వేళ్ళు చెడినా ముక్కు కారుతుంది.

లక్షణాలు

తుమ్ములు, తెల్లని చిక్కని చీమిడి, కళ్ళ నుండి నీరు, శ్వాసలో గురగుర శబ్దం. కుందేలు ముక్కును ముందు కాళ్ళతో తుడుచుకుంటుంది కనుక ఆ కాళ్ళ లోపలి వెంట్రుకలు అట్టకట్టి ఉంటాయి. ముక్కు శుభ్రంగా కనిపించినా ఈ గుర్తు దాగదు. వ్యాధి చెవి లోపలికి ప్రాకితే మెడ ఒక ప్రక్కకు వాలిపోతుంది. విశ్రాంతిగా ఉన్న కుందేలు నిమిషానికి సుమారు 30 నుండి 60 సార్లు శ్వాసిస్తుంది. అది సహజంగా ముక్కుతోనే శ్వాసించే జీవి, కనుక నోరు తెరచి రొప్పుతున్నదంటే ప్రాణాపాయ స్థితి.

చికిత్స

మనుషులకు వాడే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి మందులను కుందేలుకు నోటి ద్వారా ఇవ్వరాదు. ఇంట్లో మిగిలిన పిల్లల సిరప్‌ను రెండు చుక్కలు పట్టించటం చాలామంది చేసే పని, కాని వ్యాధికంటె ఇదే ఎక్కువ ప్రమాదకరం. కుందేలు తిన్న పీచు పెద్దప్రేగు మొదట ఉండే సంచిలో మేలుచేసే సూక్ష్మజీవుల సాయంతో జీర్ణమవుతుంది. ఈ మందులు వాటిని చంపివేయగా, క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. విరేచనాలు పట్టుకొని కొద్ది రోజులలోనే కుందేలు మరణించవచ్చు. క్లిండమైసిన్, లింకోమైసిన్ కూడా ఇటువంటివే. పెన్సిలిన్‌ను పశువైద్యులు అవసరమైనపుడు సూదిమందుగా మాత్రమే ఇస్తారు. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా వంటివి సాధారణంగా వాడేవి. మోతాదు బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. వీలైతే చీమిడిని పరీక్షకు పంపి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవటం మేలు. మందు కొన్ని వారాలు సాగవచ్చు. తుమ్ములు తగ్గగానే మానివేస్తే వ్యాధి తిరగబెడుతుంది. లక్షణాలు పోయినా బాక్టీరియా పూర్తిగా పోకపోవచ్చు, అందువలన కోలుకున్న కుందేలును కొత్తవాటితో కలపకుండటం మంచిది.

ముక్కు మూసుకుపోయిన కుందేలుకు వాసన తెలియక మేత మానివేస్తుంది. సగం రోజు తినకపోయినా ప్రేగుల కదలిక మందగిస్తుంది, ఇది వ్యాధితో సమానమైన ఆపద. ముక్కును గోరువెచ్చని నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, కొత్తిమీర వంటి వాసన గల ఆకులు, పచ్చగడ్డి అందుబాటులో ఉంచాలి. అప్పటికీ తినకపోతే వైద్యుని సలహాతో పీచు గల మెత్తని ఆహారాన్ని సూది లేని సిరంజితో దవడ ప్రక్కనుండి కొద్దికొద్దిగా పట్టాలి. వెల్లకిల పడుకోబెట్టి పట్టరాదు.

వేసవి

ఈ ప్రాంతంలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకు 30 డిగ్రీలు దాటితేనే కష్టం. వడదెబ్బ తగిలిన కుందేలు కూడా వేగంగా శ్వాసిస్తుంది, అయితే చెవులు బాగా వేడెక్కుతాయి, చీమిడి ఉండదు. అపుడు నీడకు చేర్చి చెవులను తడిగుడ్డతో తడపాలి. చన్నీళ్ళలో ముంచరాదు. కూలరు గాలి నేరుగా తగిలేలా బోను పెట్టటం కూడా తగదు.

వైద్య సౌకర్యం

2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన సంచార పశువైద్యశాలలు ప్రధానంగా పశువులు, గొర్రెల కొరకు ఉద్దేశించినవి. స్థానిక పశువైద్యశాలలో కుందేళ్ళు అరుదుగా కనిపిస్తాయి కనుక, రోగి కుందేలు అని, ఇంతకుముందు ఏ మందు పట్టించారో యజమాని ముందే చెప్పాలి. క్లిష్టమైన వాటిని హైదరాబాదు శివారులో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళవచ్చు. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండింటి నుండీ దూరం సుమారు 100 కిలోమీటర్లు. వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరాలి, బుట్టలో కాస్త గడ్డి ఉంచాలి.