బియ్యం కార్డు మీద గుండె ఆపరేషన్

ఆరోగ్యశ్రీ గురించి రాసినవాళ్లంతా దాదాపు ఒకే మాటతో మొదలుపెడతారు: పేదవాడికి కార్పొరేట్ వైద్యం. పథకాన్ని మెచ్చుకునేవాళ్లకూ తిట్టిపోసేవాళ్లకూ ఈ మాట సమానంగా పనికొస్తుంది. నాకు మాత్రం ఆ పథకంలోని అసలు కొత్తదనం ఆపరేషన్ థియేటర్లో కంటే రేషన్ షాపు దగ్గరే ఎక్కువగా కనిపిస్తుంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం ఎవరినీ దరఖాస్తు పెట్టుకోమనలేదు. ఆదాయ ధ్రువపత్రం తెమ్మనలేదు. ఇంట్లో తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల దాకా చికిత్స, అవసరమైతే మరో 50 వేలు అంది. కొన్నిచోట్ల ఆరోగ్య కార్డులు విడిగా ముద్రించి పంచినా, వాటిలోని పేర్లు పౌరసరఫరాల శాఖ జాబితాలోంచి వచ్చినవే. ఎవరు పేద అన్న ప్రశ్నను ఆసుపత్రి గుమ్మంలోంచి తీసేసి, జబ్బు రాకముందే, బియ్యం కోసం ఎప్పుడో తేల్చేసిన చోట వదిలేశారు. ఆ తర్వాతి కాలంలో పథకానికి దక్కిన మేలుకూ తగిలిన దెబ్బలకూ చాలావరకు మూలం ఇదేనని నా వాదన.

అంతకుముందు ఏం జరిగేదో చూస్తేనే ఈ మార్పు విలువ తెలుస్తుంది. డబ్బు కట్టలేనంత మాత్రాన ఎవరికీ సరైన వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ వంటి ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ రాయించుకోవడానికి పేదరికాన్ని రుజువు చేయనక్కర్లేదు. ఆ వరసలో నిలబడటమే రుజువు. చిక్కంతా ఖరీదైన చికిత్స ప్రైవేటు ఆసుపత్రులకు తరలిపోయాక వచ్చింది. 1988లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో అపోలో తెరుచుకుంది, దాని వెనక మరికొన్ని వచ్చాయి. గుండెకూ మెదడుకూ కిడ్నీకీ ఆపరేషన్ అంటే పొలం అమ్మడమో, వడ్డీకి తేవడమో, లేకపోతే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడమో అన్న పరిస్థితి ఏర్పడింది. ఆ అర్జీకి ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం కావాలి, రేషన్ కార్డు నకలు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎమ్మెల్యేదో ఎంపీదో ఉత్తరం కావాలి. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఇలా 55 వేలకు పైగా కేసుల్లో 168 కోట్ల రూపాయలు దాటి ఇచ్చారు. సగటున కేసుకు 30 వేలు. సెలవులు కూడా కలుపుకుంటే రోజుకు దాదాపు 50 ఫైళ్లు. ముఖ్యమంత్రి కార్యాలయం ఒక బీమా కంపెనీ పని చేస్తోందన్నమాట, అదీ నియమమంటూ లేకుండా. ఇచ్చినవారి దయ, పుచ్చుకున్నవారి అదృష్టం. ఉత్తరం సంపాదించలేనివాడి జబ్బు ఏ లెక్కలోకీ రాలేదు. ఆరోగ్యశ్రీ పుట్టడానికి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు కావడం, పులివెందులలో రూపాయి డాక్టరుగా పేరు తెచ్చుకోవడం కారణమని చెబుతుంటారు. కావచ్చు. అంతకంటే బలమైన కారణం ఆ ఫైళ్ల గుట్టే అనిపిస్తుంది నాకు.

మరి ఆ గుట్టను కరిగించడానికి కొత్తగా పేదల జాబితా తయారు చేసి ఉంటే ఎన్నేళ్లు పట్టేదో! చేతిలో అప్పటికే ఒకటి ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక రేషన్ కార్డు తెలుగు ఇళ్లలో పెట్టెలో దాచుకునే ఆస్తి పత్రమైంది. తర్వాత తెల్లకార్డు, గులాబీ కార్డు అన్న తేడా వచ్చింది. అది రంగు తేడా మాత్రమే కాదు, ప్రభుత్వం దృష్టిలో ఎవరు ఏ వర్గమో చెప్పే గీత. పెన్షనుకైనా, ఇంటి స్థలానికైనా ఆ గీతనే వాడుకున్నారు. ఆరోగ్యశ్రీ కూడా అదే దారి పట్టింది. బియ్యం కోసం గీసిన గీత గుండె జబ్బుకు సరిపోతుందా అని అప్పుడెవరూ పెద్దగా అడగలేదు. అడిగి ఉంటే పథకం ఆలస్యమయ్యేది. 2008 నడిమికల్లా మొత్తం 23 జిల్లాలకూ విస్తరించగలిగారంటే, అడగకపోవడం వల్లే.

దరఖాస్తు పూర్తిగా మాయమైందా అంటే కాలేదు, చేతులు మారింది. ఈ సంగతిని కాస్త దగ్గరగా చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో వైద్య శిబిరంలోనో రాసిచ్చిన రెఫరల్ కాగితం పట్టుకుని ఒక మనిషి పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రికి వస్తాడు. వరండాలో బల్ల వేసుకుని, పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటుంది. కార్డు నంబరు కంప్యూటర్లో కొడుతుంది, కుటుంబ సభ్యుల పేర్లలో రోగి పేరుందో లేదో చూస్తుంది. ఆపైన పరీక్షల రిపోర్టులు, ఫొటో, డాక్టరు రాసిన నిర్ధారణ అన్నీ ఆసుపత్రి వాళ్లే ఆన్‌లైన్లో పంపి ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. డిశ్చార్జి నాడు రోగి చేతిలో దారి ఖర్చులు పెట్టినట్టు కూడా కాగితం చూపాలి. ఇదంతా సరిగ్గా జరిగితేనే ఆసుపత్రికి డబ్బు. కనక కాగితాల బాధ రోగి నెత్తి మీంచి, వాటితో లాభపడే ఆసుపత్రి నెత్తి మీదికి మారింది. సహాయనిధి రోజుల్లో అర్జీ పెట్టుకోవలసినవాడు చదువు రాని రైతుకూలీ. ఇప్పుడు అర్జీ పెట్టేది జీతాలిచ్చి గుమాస్తాలను పెట్టుకున్న సంస్థ. పేదవాడికి ప్రభుత్వ సాయం అందకపోవడానికి తరచూ అసలు అడ్డంకి నిధులు కాదు, ఫారం. ఆ అడ్డంకిని ఇంత నేర్పుగా పక్కకు నెట్టిన పథకాలు మన దేశంలో అరుదు.

కేంద్రం చేసిన ప్రయత్నాలతో పోలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల రక్షణ. కానీ ముందుగా 30 రూపాయలు కట్టి, పేరు నమోదు చేయించుకుని, స్మార్ట్ కార్డు పుచ్చుకున్నవారికే. నమోదు శిబిరం ఊరికి వచ్చిన రోజు కూలికి పోయినవాడు బయటే మిగిలిపోయేవాడు. 2018 సెప్టెంబరులో రాంచీలో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ 5 లక్షల రక్షణ ఇచ్చింది, రుసుము తీసేసింది. అయితే ఎవరు అర్హులన్నది మొదట్లో 2011 సామాజిక ఆర్థిక కుల గణన జాబితాను బట్టి తేలేది. అప్పటికే ఏడేళ్ల పాతదైన ఆ జాబితాలో తమ పేరుందో లేదో జనానికి తెలిసేది కాదు. తెలుసుకోవడానికి హెల్ప్‌లైనుకు ఫోన్ చేయడమో, కామన్ సర్వీస్ సెంటర్లో వెతికించుకోవడమో చేయాల్సి వచ్చేది. తెల్లకార్డు విషయంలో ఈ అనుమానమే లేదు. నెలనెలా బియ్యం తెచ్చుకునే ఇల్లాలికి తమకు అర్హత ఉందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే: తెల్లకార్డులున్న వాళ్లంతా పేదలా? కాదు. 2004-05లో ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పేదలు సుమారు 16 శాతం. ఆరోగ్యశ్రీ కిందికి వచ్చింది రాష్ట్ర జనాభాలో సుమారు 80 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి దుబారా అనేయడం తేలిక. కానీ బియ్యానికి చెల్లే తర్కం జబ్బుకు చెల్లదు. కిలో బియ్యం బజారు ధరకు కొనగలిగిన ఇల్లు కూడా బైపాస్ ఆపరేషన్ ఖర్చు భరించలేదు. దారిద్ర్యరేఖకు పైన ఉన్న మనిషిని ఒక్క వారం ఐసీయూ దాని కిందికి దించేయగలదు. జబ్బు విషయంలో పేదరికం ముందున్న స్థితి మాత్రమే కాదు, తర్వాత వచ్చే ఫలితం కూడా. అదీగాక, అందని వాళ్ల సంగతి ఉంది. కార్డుండకూడనివాడికి బియ్యం పోతే ఖజానాకు కొన్ని రూపాయల నష్టం. కార్డుండాల్సినవాడికి చికిత్స అందకపోతే ప్రాణం. ఈ రెండు తప్పుల్లో ఏది తక్కువ చెడ్డదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు, ప్రభుత్వాలు ఓట్ల కోసమే అయినా సరైనదే ఎంచుకున్నాయి. ఊళ్లో ఎక్కువమందికి సంబంధించిన పథకం కాబట్టే ఏ పార్టీ దాన్ని ఎత్తేయడానికి సాహసించలేదు. పేర్లు మార్చుకున్నారు, అంతే.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ప్రభుత్వ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు ప్రవహించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఎండిపోయాయని ప్రజారోగ్య నిపుణులు మొదటి నుంచీ అంటున్నారు. బీపీకి నెలనెలా మాత్రలివ్వని వ్యవస్థ, అదే బీపీ ముదిరి గుండె మీదికి వచ్చాక లక్షలు పెట్టడం వింతే. ఇందులో చాలా నిజముంది, దీన్ని కొట్టిపారేయలేను. పైగా నేను మెచ్చుకున్న ఏర్పాటే దీనికి దోహదం చేసింది. కాగితాలు నడిపితే డబ్బొచ్చేది ఆసుపత్రికే కనక, అవసరం లేని చోట కూడా కాగితాలు నడిచాయి. పిన్న వయసు ఆడవాళ్లకు గర్భసంచులు తీసేశారన్న గోల రేగి, ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల జాబితాలోంచి తప్పించి ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. బిల్లులు పేరుకుపోయినప్పుడు ఇదే తక్కెడ రెండో వైపుకు మొగ్గుతుంది. బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. అయితే ఇవి బేరం కుదిర్చిన తీరులోని లోపాలు. అర్హతను ముందే తేల్చేయడం వల్ల వచ్చినవి కావు. ఓపీ చీటీ అంత సులువుగా అందే ప్రభుత్వాసుపత్రి బలంగా ఉండి ఉంటే ఈ కార్డు అవసరమే పడేది కాదన్నది నిజం. కానీ 2007లో ఆ ఎంపిక ఎవరి ముందూ లేదు.

అసలు బలహీనత ఎవరూ వేలు పెట్టి చూపించని చోట ఉందనుకుంటాను. బియ్యం కార్డును ఆరోగ్య కార్డుగా వాడుకున్నాక, బియ్యం శాఖలో ఏ పని ఆగినా ఆసుపత్రిలో తగులుతుంది. పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. ఏడాది బిడ్డ పేరు ఎక్కడా ఎక్కి ఉండదు. ఆరోగ్యమిత్ర తెర మీద వెతికి పేరు లేదంటుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో కొత్త రేషన్ కార్డుల జారీ ఏళ్ల తరబడి దాదాపు నిలిచిపోయింది. 2021లో కొన్ని ఇచ్చారు. తిరిగి పెద్దయెత్తున మొదలైంది 2025లోనే. ఈ మధ్యలో వేరుపడిన కుటుంబాలకు బియ్యమే కాదు, వైద్యమూ చిక్కే అయింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పరిమితిని 10 లక్షలకు పెంచినప్పుడు అంకె మీద జరిగినంత చర్చ, కార్డే లేనివాళ్ల మీద జరగలేదు. కార్డు లేనివాళ్ల కోసం మొదట్నుంచీ ఒక పక్కదారి ఉండేది: ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయం ఇచ్చే సిఫార్సు కార్డు. జాబితాలో లేని చికిత్స కోసం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు ఇంకో దారి ఎల్‌ఓసీ, ఖర్చు భరిస్తామని ప్రభుత్వం ముందుగా ఇచ్చే హామీ పత్రం. అంటే ఆసుపత్రి అంచనా, ఆధార్, రేషన్ కార్డు, మళ్లీ ఎమ్మెల్యే ఉత్తరం. 2007లో ముందు గుమ్మంలోంచి వెళ్లగొట్టిన అర్జీ, పెరటి దారిన ఇంట్లోనే ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఈ ముడి విప్పే ప్రయత్నం చేసింది. 2019 తర్వాత ఆరోగ్య కార్డును బియ్యం కార్డు నుంచి విడదీసి, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారందరికీ వర్తింపజేశారు. 12 ఎకరాల లోపు మాగాణి గానీ 35 ఎకరాల లోపు మెట్ట గానీ ఉన్నా, సొంతానికి ఒక కారున్నా ఫరవాలేదన్నారు. గీత ఇంత పైకి జరిగాక దాన్ని పేదరికపు గీత అనడం కష్టమే. విడదీసినందుకు ఒక మూల్యం చెల్లించక తప్పలేదు: దరఖాస్తు తిరిగొచ్చింది. ఈసారి హైదరాబాదుకు కాకుండా గ్రామ సచివాలయానికి పోవాలి కాబట్టి భారం తేలికే, కానీ తిరిగొచ్చింది. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు చేరింది. 2024లో ప్రభుత్వం మారి పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానం ఇంకో అడుగు వేసింది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి కుటుంబానికీ రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ భరిస్తుంది, ఆపైన 25 లక్షల దాకా పేద కుటుంబాలకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటుంది. అంటే నువ్వు పేదవాడివేనా అన్న ప్రశ్న అడ్మిషన్ బల్ల దగ్గర ఉండదు. బిల్లు రెండున్నర లక్షలు దాటిన రోజున, రోగి ఇంకా మంచం మీద ఉండగా, వస్తుంది. ఆ రోజు చూపించాల్సిన కాగితాన్ని కుటుంబం అంతకుముందే తెచ్చిపెట్టుకుందా, లేక అప్పుడు పరుగెత్తాలా అన్నదాని మీదే ఆ విధానం మంచిచెడ్డలు తేలతాయి.