పదిమందికి ఒకే తాళంచెవి

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అనేవారు. వైర్‌లెస్ వచ్చాక అడ్డుగా ఆ గోడలు కూడా లేవు. మీ రౌటర్ పంపే సంకేతం పక్కింట్లోకీ వెళ్తుంది. మరి పదిమంది గాలిలో మాట్లాడుకుంటూ, బయటివాడికి అర్థం కాకుండా చూసుకోవడం ఎలా? ఆ పదిమంది దగ్గరా ఒకే రహస్య సంఖ్య ఉండాలి. దాన్ని తాళంచెవి అనుకుందాం. అందరూ వింటుండగానే దాన్ని తయారు చేసుకోవాలి, అదీ చిక్కు.

ఇద్దరికైతే దారి 1976లో దొరికింది. అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ఒక పద్ధతి ప్రచురించారు. ఇద్దరూ చెరొక సంఖ్య మనసులో అనుకుంటారు. దానితో ఒక లెక్క చేసి, ఫలితాన్ని మాత్రం బాహాటంగా పంపుకుంటారు. ఎదుటివారి ఫలితానికి తమ రహస్యం చేర్చి మళ్ళీ లెక్క చేస్తే, ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది. మధ్యలో విన్నవాడు ఆ లెక్కను వెనక్కి తిప్పలేడు. అయితే అవతల ఉన్నది ఎవరో ఈ లెక్క చెప్పదు. అందుకే సంతకం లాంటి రుజువు ఒకటి తోడు కావాలి.

మరి పదిమందికి? 1982లో ఇంగెమార్సన్, టాంగ్, వాంగ్ అందరినీ వలయంగా నిలబెట్టారు. ప్రతి ఒక్కరూ తమ రహస్యం చేర్చి పక్కవారికి అందిస్తారు. పదిమంది ఉంటే తొమ్మిది విడతలు పడుతుంది. 1994లో బర్మెస్టర్, డెస్మెట్ అందరికీ ఒకేసారి వినిపించేలా పంపి, ఎందరున్నా రెండు విడతల్లో ముగించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ గుంపు అన్నాక వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు. నలుగురు కుర్రాళ్ళు అద్దెకున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఒకడు ఖాళీ చేశాక తాళం మార్చకపోతే, వాడు ఎప్పుడైనా లోపలికి రావచ్చు. అలాగే కొత్తగా చేరినవాడికి పాత మాటలు తెలియకూడదు. అంటే మనిషి మారినప్పుడల్లా తాళంచెవి మారాలి. బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలకు ప్రతిసారీ మొదటినుంచీ లెక్క చేయడం భారం.

2000లో కిమ్, పెరిగ్, సుడిక్ దీనికి చెట్టు ఆకారం వాడారు. సభ్యులు ఆకులు, అందరి తాళంచెవి వేరు దగ్గర ఉంటుంది. ఒక ఆకు రాలితే, అక్కడినుంచి వేరు దాకా ఉన్న దారిలోని తాళంచెవులు మాత్రమే మారతాయి. వెయ్యిమంది ఉన్నా ఆ దారి సుమారు పది మెట్లే.

మన ఇళ్ళలోని వైఫై ఈ దారిన నడవలేదు. 1997 ప్రమాణంలోని వెప్ పద్ధతిలో ఇంటిల్లిపాదికీ ఒకే తాళంచెవి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ దాని లోపాన్ని చూపించారు. 2004 ప్రమాణంతో ప్రతి పరికరానికీ ఒక సొంత తాళంచెవి, అందరికీ కలిపి మరొకటి వచ్చాయి. ఆ ఉమ్మడిది రౌటరే తయారు చేసి పంచుతుంది, సభ్యులు కలిసి చేసుకున్నది కాదు. 2017లో వాన్‌హూఫ్, పాత తాళంచెవినే పరికరం మళ్ళీ తగిలించుకునేలా చేయవచ్చని నిరూపించారు. ఉమ్మడి తాళంచెవికీ అదే గతి పట్టింది. తర్వాత కంపెనీలు సాఫ్ట్‌వేర్ సరిచేశాయి.

చెట్టు ఆలోచన మాత్రం వృథా కాలేదు. 2023లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ గుంపు సందేశాల కోసం ఎంఎల్ఎస్ అనే ప్రమాణం విడుదల చేసింది. దానికి ఆధారం ఇలాంటి చెట్టే.

ఇన్నేళ్ళ చరిత్ర చెప్పేది ఒకటే. తాళంచెవి ఇవ్వడం తేలిక, వెనక్కి తీసుకోవడమే కష్టం. వీసా కాగితాలు, నాన్నగారి వైద్యం రిపోర్టులు, బ్యాంకు వివరాలు అన్నీ మనం గాలిలోనే పంపుతున్నాం. రూమ్మేట్ ఇల్లు మారిన రోజున వైఫై పాస్‌వర్డ్ మార్చండి. కుటుంబ గ్రూపులో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకోండి. ఈ పని మాత్రం ఏ లెక్కా మన బదులు చేయదు. సెలవు.