వ్యవసాయ పదకోశంలో కాలం: 1962 నాటి ఒక పరిశోధన పునఃపరిశీలన

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ప్రచురించింది. వ్యవసాయ పదాలకు కేటాయించిన ఆ సంపుటానికి సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి. అప్పటికి ఆయన వయస్సు ముప్పై నాలుగేళ్లు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. పూర్తిచేసి అయిదేళ్లే అయింది. 'తెలుగు వెర్బల్ బేసెస్' అంతకు ముందు ఏడాదే అచ్చయింది. తులనాత్మక ద్రావిడ భాషాశాస్త్రంలో కృషి ఆరంభించిన పరిశోధకుడు అదే దశలో నాగలి భాగాల పేర్లను, ధాన్యం కొలతల పేర్లను జిల్లాలవారీగా నమోదు చేసే పనికి పూనుకోవడం సామాన్య విషయం కాదు.

తెలుగు శాఖల్లో ఈ కోశాన్ని చదివే తీరు ఒకటి స్థిరపడింది. మాండలికాల హద్దులు చెప్పవలసివచ్చినప్పుడు దాన్ని తీస్తాం. తెలుగు నేలను ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా గుర్తించడానికి ఆధారమైన కృషి గనుక అది సహజమే. అయితే అందులోని పదాలకు ప్రాంతంతోపాటు కాలం కూడా ఉంది. ఈ రెండో అంశాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదన్నది ఈ వ్యాసంలో నా ప్రతిపాదన.

ఆనాటి పల్లెను గమనిద్దాం. సమాజ వికాస పథకం 1952 అక్టోబరు 2న మొదలైంది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1959లో రాష్ట్రంలో పంచాయతీరాజ్ వ్యవస్థ అమలులోకి వచ్చింది. కోశం వెలువడేనాటికే పశ్చిమగోదావరి జిల్లా సాంద్ర వ్యవసాయ పథకం కింద ఎంపికై ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లకు అధిక దిగుబడి వంగడాలు, అయిదేళ్లకు సాగర్ కాలువల నీళ్లు వచ్చాయి. పాత పనిముట్టు ఇంకా చేతిలో ఉండగానే కొత్తది ఊళ్లోకి వస్తున్న సంధికాలంలో ఈ పదకోశం రూపొందింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎద్దులతో బావినీరు తోడే సాధనాన్ని తెలంగాణలో మోట అన్నారు, రాయలసీమలో కపిల అన్నారు. మాండలిక పాఠంలో ఇది పర్యాయపదాల జంటగా ముగిసిపోతుంది. కాని గిలక, మోకు, తొండం, ఎద్దులు, వాటిని తోలే మనిషి, కొయ్యపని చేసే వడ్రంగి, తోలుపని చేసే మాదిగ కులస్థులు, వీరందరూ కలిస్తేనే మోట నడిచేది. కరెంటు మోటారు వచ్చాక ఈ శ్రమ సంబంధాలన్నీ చెదిరిపోయాయి. తెలంగాణలో మోటకు కావలసిన తోలు సామాను వెట్టి కింద చేసిపెట్టినవారు ఉన్నారు. కనుక ఆ పదం మరుగున పడిందని భాషాభిమానులు పడే బాధ వారి వారసులకు ఉండాలని లేదు.

ఈ విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. పిహెచ్.డి. క్షేత్రపర్యటనలో నల్లగొండ జిల్లాకు చెందిన ఒక వృద్ధ రైతు మోట భాగాలన్నీ ఓపికగా చెప్పి, చివర "గివన్నీ రాసుకొని ఏం జేస్తవు బిడ్డా? స్టార్టరు కాలిపోతే మేం పడే తిప్పలు రాసుకో" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. స్టార్టరు, ఫ్యూజు, బోరు ఫెయిలు కావడం, రాత్రి కరెంటు వంటి మాటలేవీ నా పట్టికలో చేర్చలేదు. అవి అన్యదేశ్యాలు, నేను వెదుకుతున్నది దేశ్యం. సిద్ధాంతగ్రంథానికి ఆమోదం లభించింది, ఆ లోపాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. నా పదపట్టిక ఒక్కటే చూసినవారికి ఆ ఊరికి విద్యుత్తు వచ్చినట్టు కూడా తెలియదు.

కృష్ణమూర్తి నమోదు చేసిన పదాలను చేతబట్టుకొని ఇప్పుడు పల్లెలకు వెళ్లే పరిశోధకులు చాలావరకు ఇదే పని చేస్తున్నారు. దొరకని పదాలను లెక్కించి 'అంతరించినవి' అని రాస్తున్నారు. వాటి స్థానంలో వాడుకకు వచ్చినవాటిని వదిలేస్తున్నారు. 1962లో వాడుకలో ఉన్న భాషను నమోదు చేసిన గ్రంథం ఈనాడు పాత పదాల జాబితాగా మాత్రమే ఉపయోగపడుతోంది. 1971లో వచ్చిన చేనేత సంపుటానిదీ ఇదే స్థితి. వక్త వయస్సు, అతడు చెప్పిన పనిముట్టు వాడుకలో ఉన్నదా లేక జ్ఞాపకంలోదా అన్న రెండు వివరాలు లేని పదసేకరణను చరిత్రకు ఆధారంగా గ్రహించడం కష్టం.

ఈ ఏడాది మా విద్యార్థుల ప్రశ్నావళిలో ఆ రెండు గళ్లు చేర్చాను. నాగలి భాగాల ఎదుట వరుసగా 'జ్ఞాపకం' అని రాసుకొచ్చిన ఒక విద్యార్థి, అదే పుట కింద రోటవేటరు భాగాలకు ఆ ఊరివాళ్లు పెట్టుకున్న పేర్లు కూడా రాసుకొచ్చాడు.