నాయన రేడియో, గాదంకి రాడార్

ప్రత్యేక సంచికకు మన జిల్లా చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. చంద్రగిరి కోట గురించీ, కాణిపాకం గురించీ వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను నేను. ఆఫీసు పని కాక నాకు కాస్తో కూస్తో తెలిసింది రేడియో ఒక్కటే. అందుచేత ఆ దారినే వస్తాను.

రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1977లో నేను చిత్తూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ సెట్టు ఉండేది. నాయనకు చెవుడు మొదలైంది. వార్తల వేళకు సెట్టును చెవికి ఆనించుకుని కూర్చునేవాడు. నాకప్పుడు టంకం పెట్టే పిచ్చి ఉండేది. సెట్టు చివర స్పీకర్‌ను నడిపే రెండు ఏసీ 128 ట్రాన్సిస్టర్లు తీసేసి, వాటికంటే పెద్ద సైజు జత వేస్తే మోత పెరుగుతుందని నా లెక్క. వేశాను. పెద్దగా తేడా రాలేదు. పక్కనున్న రెసిస్టర్ కూడా మార్చి కరెంటు ఎక్కువ పారేట్టు చేశాను. నాలుగు రోజులు నాయన సంతోషించాడు. బ్యాటరీలు మాత్రం వారం తిరక్కుండానే అయిపోయాయి. కొత్తవి వేసిన సాయంత్రమే సెట్టు గరగరమని, కాలిన వాసన వచ్చి, ఆగిపోయింది.

అది నవంబర్ 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచిన రోజు. మా అక్కను ఇచ్చింది బందరులో. మరునాడు ఊరంతా రేడియోల చుట్టూ మూగితే, మా ఇంట్లో మాత్రం మూగపోయిన పెట్టె ఒకటుంది. నేను పక్కింటి కిటికీ దగ్గర నిలబడి విని, లోపలికొచ్చి నాయన చెవిలో అరిచి చెప్పేవాణ్ణి. దాదాపు పదివేల మంది పోయారన్న మాట ఆ తర్వాత తెలిసింది. తంతి తీగలు తెగిపోయాయి. అక్క వాళ్లు క్షేమమని కబురు రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సెట్టును బజారు వీధిలో ఒక మెకానిక్ భాయ్ దగ్గరకు తీసుకుపోయాను. మూత తీసి చూసి నవ్వాడు. "ట్రాన్సిస్టర్ పెద్దది వేసినావు సార్, బ్యాటరీ అదే కదా! స్పీకరూ అదే, ట్రాన్స్‌ఫార్మరూ అదే. పవర్ యాడ నుంచి వస్తాది?" అన్నాడు. జెర్మేనియం ట్రాన్సిస్టర్ వేడెక్కితే దాంట్లో కరెంటు పెరుగుతుందట, కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కుతుందట. అలా తన్ను తానే కాల్చుకుంటుంది. తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఇంకొకటి తెలిసింది. చెవికి రెట్టింపు మోత వినిపించాలంటే పవర్ దాదాపు పదింతలు కావాలి. ఆరు వోల్టుల పెట్టెలో అంత ఎక్కడిది?

మాటలు పంపే రేడియోకూ ఇదే లెక్క. సిటిజన్ బ్యాండ్ అని 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒక చిన్న వరుస ఉంది. అమెరికాలో లారీ డ్రైవర్ల పుణ్యాన పేరు మోసింది. మన దేశంలో 2005లో ఐదు వాట్ల లోపు అయితే లైసెన్సు అక్కరలేదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ సెట్లలో చివరి ట్రాన్సిస్టర్ మార్చి పవర్ పెంచాలని చూసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అది చట్ట విరుద్ధం. పోనీ చేసినా, పవర్ నాలుగింతలైతే అవతలివాడి మీటరు ముల్లు ఒక్క గీత జరుగుతుంది. ఆ డబ్బుతో యాంటెన్నాను ఇంకో పది అడుగులు ఎత్తున కట్టుకోవడం మేలు.

ఇక మన గాదంకి సంగతి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో కూర్చున్నవాళ్లకు గాదంకి అంటే ఇప్పుడు టోల్‌గేటే గుర్తొస్తుంది. అక్కడే చుట్టూ కొండలున్న పల్లపు నేలలో 1990ల మొదట్లో ఎం.ఎస్.టి. రాడార్ వెలిసింది. బొంబాయిలోని సమీర్ సంస్థ దానిని రూపొందించింది. బయటి రేడియో రొదను కొండలు అడ్డుకుంటాయి గనుక చోటు అనువుగా కుదిరింది. 1993 నాటికి పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. విమానాలను పట్టే రాడార్ కాదిది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి వదిలి, మబ్బు లేని గాలిలోని చిన్న చిన్న అలజడుల నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని పట్టి, పైన గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో చెబుతుంది. ఉత్త గాలి నుంచి ప్రతిధ్వని రావాలంటే వదిలేది ఎంత బలంగా ఉండాలో ఆలోచించండి!

130 మీటర్ల చదరంలో 1,024 యాగీ యాంటెన్నాలు, వరుసకు 32 చొప్పున 32 వరుసలు. వాటిని నడపడానికి 32 ట్రాన్స్‌మిటర్లు. అంచుల్లో 15 కిలోవాట్ల నుంచి నడుమ 120 కిలోవాట్ల దాకా, అన్నీ కలిపి గరిష్ఠంగా 2.5 మెగావాట్లు. ఆ పవరంతా వాల్వులది. వేల వోల్టులు కావాలి, ఎడతెగకుండా చల్లబరచాలి. ఒక ట్రాన్స్‌మిటర్ మూలపడితే 32 యాంటెన్నాలు ఒక్కసారి మూగపోతాయి. మా సెక్షన్‌లో హెడ్ గుమాస్తా సెలవు పెడితే ఫైళ్లన్నీ ఆగిపోయినట్టే.

2005లో ఆ కేంద్రానికి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు మారింది. ఆ తర్వాత వాల్వులను తీసి ట్రాన్సిస్టర్లు పెట్టారు. అయితే నాలాగా పెద్దది వేసి చేతులు దులుపుకోలేదు. ఒక్కొక్క యాంటెన్నాకూ సొంతంగా ఒక కిలోవాటు స్థాయి మాడ్యూల్, మొత్తం 1,024. కూడితే సుమారు ఒక మెగావాటు. గరిష్ఠ పవర్ మునుపటికంటే తగ్గిందన్నమాట! అయినా దీన్ని మెరుగుదలే అన్నారు. పుట్టిన పవర్ పొడుగాటి కేబుళ్లలో వృథా కాకుండా యాంటెన్నా పక్కనే అందుతుంది. ఒక మాడ్యూల్ పోయినా మిగిలిన 1,023 పనిచేస్తూనే ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ వేరుగా అదుపు చేయవచ్చు గనుక కిరణాన్ని కోరిన దిక్కుకు తిప్పవచ్చు. భాయ్ చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

2022లో జిల్లాలు విడిపోయి గాదంకి తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది. నాకు మాత్రం అది ఇంకా చిత్తూరు జిల్లానే.

భాయ్ ఆ రోజు పాత జత ఏసీ 128లు వేసి, నేను మార్చిన రెసిస్టర్ తీసేసి, ఐదు రూపాయలు తీసుకున్నాడు. స్పీకర్ తీగలకు ఇంకొక జత అతికి, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఒకటి తగిలించాడు. నాయన 1986లో పోయేదాకా దాంతోనే వార్తలు విన్నాడు. పక్కనున్నవాళ్లకు ఏమీ వినపడేది కాదు. ఆయన ముఖం చూసి వార్త మంచిదో చెడ్డదో తెలుసుకునేవాళ్లం.